పాత స్పోర్ట్స్ కారుకు కొత్త అద్దము

ఇంగ్లండులోని ఆబింగ్డన్ కర్మాగారమున 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారును అభిమానులు నేటికీ నడుపుచున్నారు. పైకప్పు తెరచుకొను ఈ కారునకు ముందరి అద్దము మార్చుట ఎట్లో చూతము.

అద్దము అల్యూమినియము చట్రములో అమరియుండును. చట్రపు కాళ్ళు డాష్‌బోర్డు క్రింద బోల్టులతో బిగింపబడియుండును. కనుక మొదట చట్రమును పూర్తిగా ఊడదీయవలెను. పిదప మూలల మరలు విప్పి, పగిలిన అద్దమును తొలగించి, కొత్త అద్దము అంచులకు కొత్త రబ్బరు తొడిగి, చట్రమును తిరిగి కూర్చవలెను. ఒకేచోట బలము ప్రయోగించినచో అద్దము అంచున చీలును. మరలను కొద్దికొద్దిగా, సమముగా బిగింపవలెను.

మనము కోరవలసినది లామినేటెడ్ అద్దమునే. రెండు గాజు పలకల నడుమ పొరనుంచు ఈ పద్ధతికి ఫ్రెంచివాడైన బెనెడిక్టస్ 1909లో పేటెంటు కోరెను. అద్దము పగిలినను పెంకులు ఆ పొరనే అంటియుండును. నడుపువాని కన్నులు దక్కును. కారు అందము కన్న ఆ కన్నులే మిన్న కదా!