పాత ప్లేటుకు సరైన ముల్లు ముఖ్యం

కొలకలూరు: పద్యనాటకానికి పేరుపడ్డ ప్రాంతం తెనాలి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు (1902-1971), సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య (1901-1975) వంటి వారి గొంతులు ఒకప్పుడు గ్రామఫోను ప్లేట్ల ద్వారానే పల్లెలకు చేరాయి. అటువంటి ప్లేట్లు అటకమీద నుంచి దించి మోగిస్తే తరచు గరగర తప్ప పద్యం వినపడదు. ప్లేటు పాడైందని పారవేసేవారు కొందరు, పెద్ద స్పీకరు కొనేవారు కొందరు. రెండూ తొందరపాటే. లోపం చాలాసార్లు ముల్లులోనే ఉంటుంది.

చాలుకు తగ్గ కర్రు

ప్లేటుమీది గాడి నాగటిచాలు వంటిది. నిమిషానికి 78 చుట్లు తిరిగే లక్క ప్లేటు గాడి వెడల్పు. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్పీ 33 చుట్ల పైచిలుకు తిరుగుతుంది, దాని గాడి సన్నం. అందుకే 78 ముల్లు మొన ఎల్పీ ముల్లుకు సుమారు మూడు రెట్లు లావు. సన్నముల్లును లక్క ప్లేటుపై పెడితే గాడి అడుగున దుమ్ములో దొర్లి బుస కొడుతుంది. లావుముల్లును ఎల్పీపై పెడితే గాడి దెబ్బతింటుంది. కీ ఇచ్చి తిప్పే గ్రామఫోనుకైతే ప్రతి వైపుకూ కొత్త ఉక్కుముల్లు వేయవలసిందే.

బరువు తగ్గితే మేలు

ముల్లు తర్వాత చూడవలసింది దానిని పట్టి ఉంచే కార్ట్రిడ్జి. పాత సిరామిక్ రకం గాడిపై నాలుగైదు గ్రాములు, కొన్ని అంతకు మించి బరువు మోపుతాయి. మంచి మాగ్నెటిక్ రకానికి ఎల్పీపై సుమారు రెండు గ్రాములు చాలు. మాట స్పష్టంగా వస్తుంది, ప్లేటు అరుగుదల తగ్గుతుంది. అయితే దాని శబ్దం బలహీనం కనుక వేరే ప్రీ ఆంప్లిఫయరు కావాలి. పాత మిషను చేయి మోటుదైతే ఈ మార్పు కుదరదు, చేయి కూడా మార్చాలి. రాగం సాగుతూ వణుకుతుంటే మోటారు బెల్టో, రబ్బరు చక్రమో ముదిరిందేమో చూడాలి. స్పీకరు సంగతి ఆ తర్వాతే.

స్పిరిట్ తగలనీయరాదు

లక్క ప్లేటును స్పిరిట్‌తో తుడవరాదు. వడ్రంగులు పాలిష్‌కు లక్కను కరిగించేది స్పిరిట్‌లోనే. మెత్తని గుడ్డను నీటితో తడిపి, మధ్య కాగితం తడవకుండా తుడిచి ఆరబెడితే చాలు.

గాడి ఒకసారి అరిగిందా, ఎంత ఖరీదైన మిషను కొన్నా పోయిన గొంతు తిరిగి రాదు. కాబట్టి తగిన ముల్లు వేయించే వరకు ప్లేటు మోగించక, వేయించాక ఒకసారి కంప్యూటరులోకి ఎక్కించుకుని, ప్లేటును నిలువుగా భద్రపరచడం మేలు. తాతలు విన్న పద్యం మనుమలకు దక్కే దారి అదే.