టెంక మొక్కలం మనం

బాలలూ! నూజివీడు తోటల్లో చిన్న రసం అంటు కట్టడం చూశారా? అంటు మొక్క తల్లిచెట్టు కాయలే కాస్తుంది. టెంక నాటితే మాత్రం రుచి మారిపోవచ్చు.

మనమంతా టెంక మొక్కలమే! మన కణాలమీద హెచ్.ఎల్.ఏ. అనే గుర్తులుంటాయి. అవి సగం అమ్మనుంచి, సగం నాన్ననుంచి వస్తాయి. ఒంటికి కావలి కాసే తెల్లకణాలు ఆ గుర్తులనుబట్టే మనదేదో, పరాయిదేదో పోల్చుకుంటాయి.

1967లో ఫ్రాన్సు వైద్యుడు అమియెల్ ఒక వింత గమనించాడు. హాడ్జ్‌కిన్ అనే అరుదైన కేన్సరు వచ్చినవారిలో ఒక గుర్తు మామూలుకన్న ఎక్కువగా కనిపించింది. అలాగని ఆ గుర్తు ఉన్నవారందరికీ జబ్బు వస్తుందా? రాదు. చాలా చాలామందికి అసలే రాదు.

మీ తరగతిలో ఎవరికైనా వస్తే, అది అమ్మానాన్నల తప్పు కాదు. మామిడికి అంటు కడతారు గాని, ఇది అంటుజబ్బూ కాదు. వేళకు వైద్యం అందితే ఎక్కువమంది నయమై మళ్ళీ బడికి వస్తున్నారు.