జానపద నవల – టి.వి. ధారావాహిక

రాజకుమారులు, మాంత్రికులు, మాయాభవనాలు గల కల్పనాకథలను తెలుగులో జానపద నవలలంటాము. అట్టి నవలను టి.వి. ధారావాహికగా మలచడం అనుసరణ. అనువాదంలో భాష మారుతుంది. అనుసరణలో కథ చెప్పే సాధనమే మారుతుంది.

దేవకీనందన్ ఖత్రీ హిందీ నవల 'చంద్రకాంత' 1888లో వెలువడింది. నీర్జా గులేరీ నిర్మించిన ధారావాహిక 1994లో దూరదర్శన్‌లో మొదలైంది. నవలలో 'తిలిస్మ్' అనే మాయాకట్టడాన్ని రచయిత వర్ణిస్తాడు, పాఠకుడు ఊహించుకుంటాడు. తెరపై ఆ పని సెట్టింగులు చేస్తాయి. కథకుని గొంతు తొలగి సంభాషణ మిగులుతుంది. బదులుగా నటుడు కొత్తది చేర్చవచ్చు. క్రూర్‌సింగ్ పాత్రలో అఖిలేంద్ర మిశ్రా పలికిన 'యక్కూ' జనం నోట నిలిచింది.

తెలుగులో అనుసరణకు అనువైనవి దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ' ధారావాహికలు. 1954లో 'తోకచుక్క'తో ఆరంభమైన ఈ కథలు నెలనెలా ఉత్కంఠ కలిగించే చోట ఆగేవి. కనుక భాగాల విభజన ముందే సిద్ధంగా ఉంది. చిత్ర గీసిన బొమ్మలు వేషధారణకు దారి చూపుతాయి.

ధర్మపురి ప్రాంతంలో ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివిన విద్యార్థులు ఎందరో. టి.వి. వారికి సంభాషణల తెలుగును వినిపిస్తుంది గాని కథనపు తెలుగును అందించదు. అందుచేత 'తోకచుక్క'లో ఒక భాగం తీసుకొని, ఏ వాక్యం దృశ్యమవుతుందో, ఏది సంభాషణ అవుతుందో, ఏది తెరకెక్కకుండా పోతుందో గుర్తించి చూడండి. అలా పోయే వాక్యాలలోనే తెలుగు కథనశైలి ఉన్నది. దానిని చదివే దక్కించుకోవాలి.