ఇంగ్లీషు క్రియలకూ అంత్యప్రాస ఉంది

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఇవాళ నేను చెప్పబోయేది వంటలూ కాదు, వడియాలూ కాదు. పిల్లల ఇంగ్లీషు చదువులో వాళ్ళనీ, మనల్నీ కూడా విసిగించే ఒక చిన్న చిక్కు గురించి.

ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం ఏది తీసినా వెనక పేజీల్లో ఒక పట్టిక ఉంటుంది. మొదటి వరసలో క్రియ. రెండో వరసలో జరిగిపోయిన పనిని చెప్పే రూపం. మూడో వరసలో 'హ్యావ్', 'హ్యాడ్'ల తరవాత వచ్చే రూపం. పిల్లలు దాన్ని ఎక్కాల్లాగా వల్లిస్తారు. మర్నాడు టీచరుగారు వరస తప్పించి అడిగితే నోరు పెగలదు. ఇంటికొచ్చి పుస్తకం మన ముందు పెడితే, తెలుగులో చదువుకున్న మనబోటి తల్లులం "నాకేం తెలుసురా, నాన్నగారు వచ్చాక అడుగు" అని వంటింట్లోకి తప్పుకుంటాం. అలా తప్పుకోనక్కర్లేదని చెప్పడానికే ఈ నాలుగు మాటలూ.

లోపం పిల్లవాడి బుర్రలో లేదు, పట్టిక అల్లికలో ఉంది. అది అక్షరక్రమంలో ఉంటుంది. 'బ్రింగ్' మొదట్లో ఎక్కడో ఉంటుంది, 'థింక్' చివర్లో ఎక్కడో ఉంటుంది. నిజానికి ఆ రెండూ ఒకే ఇంటి పిల్లలు. ఒకటి 'బ్రాట్', రెండోది 'థాట్'. అక్షరక్రమం నిఘంటువులో వెతుక్కోవడానికి బాగానే ఉంటుంది గాని, చెవికి పనికిరాదు. చెవి పట్టుకునేది ప్రాసని.

ప్రాస సంగతి మనకి ఒకరు చెప్పాలా? సుమతీ శతకం పద్యాలు చిన్నపిల్లల నోటికి అంత సులువుగా పట్టడానికి నడకా, ప్రాసా రెండూ కారణమే. మన పద్యంలో ప్రాస ప్రతి పాదంలోనూ రెండో అక్షరం దగ్గర ఉంటుంది. ఇంగ్లీషువాళ్ళది సాధారణంగా పాదం చివర ఉంటుంది. దాన్నే మనవాళ్ళు అంత్యప్రాస అంటారు.

అసలు మన తెలుగు క్రియలే చూడండి. తిన్నాను, విన్నాను, అన్నాను, కొన్నాను - ఇదొక కుటుంబం. చేశాను, వేశాను, రాశాను, కోశాను, మోశాను - ఇది మరొకటి. వచ్చాను, ఇచ్చాను, తెచ్చాను - ఇది ఇంకొకటి. ఇవన్నీ నేర్చుకోమని మూడేళ్ళ పిల్లకి మనం పట్టిక రాసి ఇచ్చామా? లేదే! ఒక మాట రాగానే దాని ప్రాసతో పక్కమాట తనే అల్లుకుంది. ఇంగ్లీషు క్రియల్ని కూడా ఇలాగే కుటుంబాలుగా విడదీసి కూర్చోబెడదాం.

మొదటిది 'ఆట్' కుటుంబం. ఇందులో ముఖ్యంగా ఏడుగురు. బ్రింగ్ - బ్రాట్, బై - బాట్, థింక్ - థాట్, ఫైట్ - ఫాట్, సీక్ - సాట్, టీచ్ - టాట్, క్యాచ్ - కాట్. రెండో రూపమూ, మూడో రూపమూ ఒకటే కాబట్టి పని సగం తగ్గింది. పలికేటప్పుడు 'ఆట' అన్నప్పటి 'ఆ' కాకుండా, పెదవులు కాస్త గుండ్రంగా చేసి 'బాల్' అన్నప్పటిలాగా పలకాలి.

వర్ణక్రమం దగ్గర పిల్లలు తడబడతారు. కొన్నిటికి ఓ, యు, జి, హెచ్, టి. కొన్నిటికి ఏ, యు, జి, హెచ్, టి. దీనికొక తేలిక గుర్తు ఉంది. మొదటి రూపంలో 'ఏ' అక్షరం ఉంటే రెండో రూపంలోనూ 'ఏ' ఉంటుంది. టీచ్‌లో ఉంది, క్యాచ్‌లో ఉంది. మిగిలిన అయిదింటిలో లేదు, వాటికి 'ఓ'. అంతే!

మరి పలకని ఆ జి, హెచ్ ఎందుకని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు దాన్ని పలికేవారు. ఉర్దూలో 'ఖబర్' అనేటప్పుడు గొంతులోంచి వచ్చే 'ఖ' ఉందే, దాదాపు ఆ ధ్వని. వీటిలో చాలా క్రియల చివర 'క', 'గ' లాంటి హల్లులుండేవి. భూతకాలం చెప్పే 'ట్' పక్కన చేరేసరికి అవి ఆ గొంతు ధ్వనిగా మారాయి. మన సంధుల్లో అక్షరాలు మారవూ, అలాగన్నమాట. తరవాత నోరు ఆ ధ్వనిని వదిలేసింది, చెయ్యి మాత్రం రాయడం మానలేదు. ఈ ఇంటి పాత మనిషి ఒకరు మన గుమ్మాల్లో కూడా ఉన్నారు. గేట్లూ, కుర్చీలూ చేసే 'రాట్ ఐరన్'లోని 'రాట్' అంటే 'వర్క్' అనే క్రియకు పాత రూపం. పనిపెట్టిన ఇనుము అని అర్థం.

రెండోది 'ఎప్ట్' కుటుంబం. కీప్ - కెప్ట్, స్లీప్ - స్లెప్ట్, స్వీప్ - స్వెప్ట్, వీప్ - వెప్ట్, క్రీప్ - క్రెప్ట్. చివర 'ప్', 'ట్' రెండు హల్లులు జంటగా చేరేసరికి ముందున్న దీర్ఘం పొట్టిదైపోయింది. ఫీల్ - ఫెల్ట్, మీన్ - మెంట్ కూడా ఇదే దారిలో నడిచాయి.

మూడోది పెద్ద కుటుంబం, పాటలాగా ఉంటుంది. సింగ్ - స్యాంగ్ - సంగ్. రింగ్ - ర్యాంగ్ - రంగ్. డ్రింక్ - డ్ర్యాంక్ - డ్రంక్. సింక్ - స్యాంక్ - సంక్. బిగిన్ - బిగ్యాన్ - బిగన్. దీనికి పక్కవాటా ఒకటుంది. అందులో రెండూ మూడూ రూపాలు ఒకటే. స్వింగ్ - స్వంగ్, క్లింగ్ - క్లంగ్, స్టింగ్ - స్టంగ్. గంట మోగించే రింగ్ మొదటి వాటాది, 'ర్యాంగ్' అవుతుంది. డబ్ల్యుతో మొదలయ్యే మరో రింగ్ ఉంది, తడిబట్ట పిండడం. అది రెండో వాటాది, 'రంగ్' అవుతుంది. వినడానికి ఒకటే అయినా ఇళ్ళు వేరు.

నాలుగోది గ్రో - గ్రూ - గ్రోన్, బ్లో - బ్లూ - బ్లోన్, త్రో - త్రూ - త్రోన్, నో - న్యూ - నోన్. ఎగరడం అనే 'ఫ్లై' కూడా ఫ్లూ, ఫ్లోన్ అని వీళ్ళ పంక్తిలోనే కూర్చుంటుంది.

అయిదోది ఫైండ్ - ఫౌండ్, బైండ్ - బౌండ్, గ్రైండ్ - గ్రౌండ్. మసాలా పొట్లం మీద 'గ్రౌండ్' అని ఉంటే నేల అనుకోకండి, గ్రైండ్ చేసినది అని.

ఇక ఆరోది పిల్లలకి అన్నిటికన్నా ఇష్టమైనది. మూడు రూపాల్లోనూ మారనిది. కట్, షట్, పుట్, హిట్, సెట్, లెట్, హర్ట్, కాస్ట్, స్ప్రెడ్. వీటి చివర టి గాని, డి గాని ఉంది, గమనించారా? అయితే టి, డి ఉన్నవన్నీ మారకుండా ఉంటాయని కాదు. 'వాంట్' హాయిగా 'వాంటెడ్' అవుతుంది.

అక్కడే జాగ్రత్త కావాలి. ప్రాస చేతికర్రే గాని, కళ్ళు కాదు. చివర కలిసినంత మాత్రాన ప్రతి మాటా చుట్టం అయిపోదు. గ్రోకి గ్రూ అన్నాం గదా అని షోకి 'షూ' అంటే అది కాలి జోడవుతుంది. అది 'షోడ్'. నీళ్ళు 'ఫ్లోడ్', పక్షి 'ఫ్లూ'. స్లీప్‌కి స్లెప్ట్ గాని, తొంగిచూడడం అనే పీప్‌కి 'పెప్ట్' లేదు. ఫైండ్‌కి ఫౌండ్ గాని, మైండ్‌కి 'మౌండ్' లేదు. బ్రింగ్ చూడ్డానికి సింగ్ లాగే ఉన్నా దాని ఇల్లు 'ఆట్' వారిది. అందుకని ఏ కుటుంబం నేర్పినా, చివర ఒక దొంగచుట్టాన్ని కూడా చూపించి వదలాలి.

ఇదంతా మనం కల్పించుకున్న చిట్కా అనుకోకండి. ఇంగ్లీషు భాషే ఇలా ప్రాసను పట్టుకుని నడిచింది. 'క్యాచ్' పుట్టు ఇంగ్లీషు మాట కాదు, ఫ్రెంచి వైపునుంచి వచ్చింది. వచ్చిన మాటలు మామూలుగా చివర 'ఎడ్' తగిలించుకుంటాయి. ఇది మాత్రం అప్పట్లో తనతో ప్రాస కలిసిన 'ల్యాచ్' అనే క్రియ పాతరూపాన్ని చూసి 'కాట్' అయింది. పట్టు అని అర్థమిచ్చిన ఆ పాత 'ల్యాచ్' తరవాత ఆ రూపం పోగొట్టుకుంది, దాన్ని చూసి నేర్చుకున్న కోడలు మాత్రం నిలబెట్టుకుంది! గంట మోగించే 'రింగ్' ఒకప్పుడు మామూలు క్రియే, 'సింగ్'ని చూసి 'ర్యాంగ్' అయింది. 'వేర్' కూడా అంతే, స్వేర్ - స్వోర్, టేర్ - టోర్ పక్కన తిరిగి 'వోర్' అయింది.

1958లో అమెరికాలో జీన్ బెర్కో అనే ఆవిడ పిల్లలకి బొమ్మలు చూపించి, భాషలో లేని మాటలు చెప్పి, నిన్న ఏం చేశాడో చెప్పమని అడిగింది. వాటిలో ఒకటి 'గ్లింగ్'. పెద్దవాళ్ళలో చాలామంది 'గ్ల్యాంగ్', 'గ్లంగ్' అన్నారు. చిన్నపిల్లల్లో ఎక్కువమంది 'గ్లింగ్డ్' అన్నారు. లేని మాటని పిల్లలు ఎవరి దగ్గరా విని ఉండరు గదా. అంటే వాళ్ళు వల్లె వెయ్యడం లేదు, సూత్రం పట్టుకుని మాట తయారుచేస్తున్నారన్నమాట.

ఈ సంగతి తల్లులు బాగా గుర్తు పెట్టుకోవాలి. మీ బాబు 'బ్రింగ్డ్' అన్నా, 'గోడ్' అన్నా నవ్వకండి, మొట్టికాయ వెయ్యకండి. అది మొద్దుతనం కాదు. 'ఎడ్' చేర్చాలనే సూత్రం వాడికి పట్టుబడిందనడానికి గుర్తు. ఇంగ్లీషు ఇంటిభాషగా ఉన్నవాళ్ళ పిల్లలు కూడా చిన్నతనంలో ఇలాగే అంటారు. ఒకసారి నలుగురిలో నవ్వులపాలైన పిల్ల మళ్ళీ నోరు తెరవడానికి భయపడుతుంది. ఆ భయం వదిలించడం వ్యాకరణం నేర్పడంకన్నా కష్టం. వాడు "ఐ బ్రింగ్డ్ ఇట్" అంటే, "ఓహో, యు బ్రాట్ ఇట్?" అని మీరు సరైన మాటతో జవాబు చెప్పండి. చాలు, చెవికి అందుతుంది.

అన్ని క్రియలూ 'ఎడ్'కే ఎందుకు లొంగలేదు అంటారా? రోజూ తోమి వాడే ఇత్తడి చెంబు తళతళలాడుతుంది, అటక మీద పడేసినది చిలుము పడుతుంది. మాటలూ అంతే. 2007లో 'నేచర్' పత్రికలో పరిశోధకులు ఒక లెక్క ప్రచురించారు. పాత ఇంగ్లీషులో 'ఎడ్' దారికి లొంగని 177 క్రియల్ని తీసుకుని చూస్తే, వాటిలో 98 మాత్రమే ఇప్పటికీ అలా నిలిచాయట. ఎక్కువగా వాడే మాట నిలిచింది, తక్కువగా వాడేది 'ఎడ్'లో కలిసింది. కాబట్టి పిల్లల్ని ఏడిపించే ఈ క్రియలే నోట్లో ఎక్కువ నలిగేవి. వీటిని నేర్చుకోవడం వృథా కాదు.

ఇక ఇంట్లో ఎలా నేర్పాలి? వారానికి ఒక్క కుటుంబం చాలు. పాత క్యాలెండరు కాగితం వెనకవైపు పెద్ద అక్షరాలతో రాసి, వంటింటి తలుపుకి అంటించండి. మీరు కూరలు తరుగుతూ మొదటి రూపం చెప్పండి, పిల్ల రెండో రూపం అందుకుంటుంది. మర్నాడు మీరిద్దరూ వంతులు మార్చుకోండి. పిల్ల అడుగుతుంటే మీరు చెప్పాలి. అమ్మ కూడా నేర్చుకుంటోందంటే పిల్లలకి ఎంత హుషారో! మూడోనాడు మాట ఒక్కటీ కాకుండా చిన్న వాక్యం చెప్పించండి. వారం చివర దొంగచుట్టాన్ని కలిపి అడగండి.

ఏ కుటుంబానికీ చెందని ఒంటరివాళ్ళు కొందరు మిగులుతారు. గో - వెంట్, సీ - సా, డూ - డిడ్, మేక్ - మేడ్. ఇవి నోటికి రావలసిందే, వేరే దారి లేదు. కాని అవి బహు కొద్ది, పైగా రోజూ అవసరపడేవి.

నేను మెట్రిక్యులేషన్‌తో చదువు ఆపినదాన్ని. పెద్ద చదువులు చదివితేగాని పిల్లల పక్కన కూర్చోలేమన్నది ఒట్టి అపోహ. ప్రాస వినే చెవి మనందరికీ ఉంది. ఈ వారం 'ఆట్' కుటుంబంతో మొదలుపెట్టి చూడండి.