కడుపులో బిడ్డ కదలిక తగ్గితే

ఎలీసబెతు గర్భములోని శిశువు గంతులు వేసిన సంగతి లూకా సువార్త 1వ అధ్యాయములో చదువుతున్నాము. ఆ కదలిక తల్లికే తెలిసింది. నేటికీ అంతే. 16 నుండి 24 వారముల మధ్య కదలికలు తెలియనారంభిస్తాయి. తొలిచూలుకు కొంత ఆలస్యము కావచ్చు. బిడ్డ 20 నుండి 40 నిమిషములు నిద్రపోవుట మామూలే, దానికి దిగులుపడనక్కరలేదు. అయితే నెలలు నిండాక కదలిక తగ్గుట సహజమని పెద్దలనే మాట సరికాదు. రోజూ ఉండే తీరు మారిందని తోస్తే తెల్లవారనిమ్మని ఆగవద్దు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశాక బయలుదేరుదామని అసలే ఆగవద్దు. 108కు ఫోను చేసి ఆసుపత్రికి వెళ్లండి. మేము అక్కడి వరండాలోనే ప్రార్థిస్తాము. అత్తగారలారా, పరీక్షించి పంపిన తరువాత కోడలు మరల అదే మాట చెప్పినా, విసుక్కోక మరల తీసికొని వెళ్లండి.