పొరుగూరికి బోవు వ్రాత



తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయు కాలమున నొక చిక్కు కలుగుచుండెడిది. చదువరి యెవరో అంచున వ్రాసికొన్న టిప్పణమును, తరువాతి లేఖకుడు మూలమే యని తలచి గ్రంథములో గలిపివేయుచుండెడివాడు. అట్టి చిక్కే నేడు అంతర్జాలమందలి వికీపీడియాకును గలదు.

వికీపీడియా 2001 లో బుట్టిన విజ్ఞానసర్వస్వము. 2003 డిసెంబరులో దానికి తెలుగు శాఖ యేర్పడెను. అందు ఎవరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. మూలమును బేర్కొని, దాని షరతులకు లోబడి, ఎవరైనను ప్రతి తీసికొని అచ్చొత్తింపవచ్చును. కావున అందలి వ్యాసము తన యింటనే యుండునది గాదు, పొరుగూళ్లకు బోవునది.

లేపాక్షిని గూర్చిన వ్యాసమున "ఇతర ఆలయముల పుటలకై ఇచ్చట నొక్కుడు" అని యున్నదనుకొందము. తెరపై నా మాటను నొక్కిన వేరొక పుట తెఱచుకొనును. అదే వ్యాసమును కాగితముపై అచ్చొత్తించి రచ్చబండకడ చదివినచో, పెద్దలు దేనిని నొక్కవలెను? కావున వ్యాసము తన విషయమును గూర్చి పలుకవలెను గాని, తానున్న యింటిని గూర్చి పలుకరాదు. వికీపీడియాయే విషయమైనచో, దానిని బయటి సంస్థను వలె బేరుపెట్టి చెప్పవచ్చును.

అయినను కొన్ని సూచనలు తప్పవు. అనంతపురమనగా పట్టణమా, జిల్లాయా? "ఈ పుట పట్టణమును గూర్చినది, జిల్లాకు వేరు పుట చూడుడు" అని చెప్పకున్న చదువరి దారి తప్పును. అట్టి సూచనను వాక్యములలో గలుపక, వ్యాసము తలపై వేరుగా 'మూస'లో నుంచవలెను. మూస యనునది గుర్తువేసిన పెట్టెవంటిది. ఆ గుర్తును బట్టి, ప్రతి తీయువాడు యంత్రముచేతనే దానిని తొలగింపగలడు. వేరుసెనగ గింజలనుండి పొట్టు ఊదినట్లు సూచన పోవును, వ్యాసము నిలుచును.

తొలగింపరానిది మాత్రము మూలము పేరు. దానిని జెప్పుట షరతు. ప్రతి తీసిన తేదిని గూడ వ్రాయుట వివేకము. 2022 ఏప్రిల్ 4 న శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడి, లేపాక్షి అందు జేరెను. అంతకుముందు దీసిన ప్రతి, లేపాక్షి అనంతపురము జిల్లాలోనిదనియే చెప్పును. తేది యున్నచో అది నాటి మాట యని తెలియును. లేనిచో, ఆ కాగితమును బట్టుకొని మన మనుమలతో వాదులాడుదుము.

మీ యూరి చరిత్రమును వ్రాయు పిల్లలకు ఈ రెండు మాటలు చెప్పుడు: ఎచ్చట గూర్చుండి చదివినను తెలియునట్లు వ్రాయవలెను, ఎచ్చటినుండి తెచ్చినదియు దాచకుండవలెను.