పుస్తకాల అలమరకు తేమే అసలు శత్రువు

ఇంట్లో పుస్తకాల అలమరను శుభ్రం చేయడమంటే పైపైన దుమ్ము దులపడమేనన్న అభిప్రాయం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పసుపు బారిన అంచులు, పుటల మధ్య బూజు మచ్చలు, బైండు వెంట పురుగు కొరికిన గుర్తులు, బీరువా తలుపు తీయగానే వచ్చే ముక్కిన వాసన వేర్వేరు సమస్యల్లా తోచినా, వాటిలో చాలావాటికి మూలం గాలిలోని తేమే. పాడైన పుస్తకాన్ని బాగుచేయడం కన్నా, అది పాడయ్యే పరిస్థితులు ఏర్పడకుండా చూడడమే మేలని భావించే పద్ధతిని గ్రంథాలయ శాస్త్రంలో నివారక సంరక్షణ అంటారు. పెద్ద గ్రంథాలయాలు యంత్రాల సాయంతో అమలుచేసే ఈ పద్ధతిలోని ముఖ్య సూత్రాలను ఒక మెత్తని బ్రష్షు, రెండు నూలు గుడ్డలు, కాస్త క్రమశిక్షణతో ఇంట్లోనూ పాటించవచ్చు.

తేమ చేసే పని

కాగితం మొక్కల నార నుంచి తయారవుతుంది కనుక గాలిలో తేమ పెరిగినప్పుడు దాన్ని పీల్చుకొని ఉబ్బుతుంది, తగ్గినప్పుడు వదిలేసి ముడుచుకుంటుంది. ఇలా పదేపదే జరిగితే పుటలు అలలు తేలి, అట్టలు వంగి, బైండు జిగురు వదులవుతుంది. ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి భరించగల గరిష్ఠ నీటి ఆవిరిలో ప్రస్తుతం ఎంత శాతం ఉందో చెప్పే కొలతను సాపేక్ష ఆర్ద్రత అంటారు. ఇది 65 నుంచి 70 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే, దుమ్ములో ఎప్పుడూ ఉండే బూజు బీజాలు మొలకెత్తడానికి అనువైన స్థితి ఏర్పడుతుంది. అనంతపురం వంటి పొడి ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ భాగం ఈ భయం తక్కువే అయినా, విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాల్లో తేమ ఎక్కువ కాలం ఈ హద్దు చుట్టుపక్కలే ఉంటుంది. వేసవిలో పొడిగా ఉండే హైదరాబాదులో వానాకాలపు నెలలే అసలు పరీక్ష. ఆర్ద్రతను చూపే చిన్న డిజిటల్ హైగ్రోమీటరును అలమరలో ఉంచితే, ఊహతో పని లేకుండా ఎప్పుడు జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

దుమ్ము ఈ తేమకు తోడవుతుంది. అది గాలిలోని చెమ్మను పట్టి ఉంచుతుంది, బూజు బీజాలకు నెలవవుతుంది, పుటలు తిప్పినప్పుడల్లా సన్నని గరుకుపొడిలా కాగితాన్ని గీరుతుంది. కాబట్టి దుమ్ము తీయడం అందం కోసం చేసే పని మాత్రమే కాదు, సంరక్షణలో తొలి మెట్టు.

కాగితంలోనే ఉన్న లోపం

కొన్ని పుస్తకాలు ఎంత జాగ్రత్తగా ఉంచినా పసుపు బారి పెళుసెక్కడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉంది. పాత గుడ్డపేలికలతో కాగితం చేసిన కాలం ముగిసి, 19వ శతాబ్దపు రెండో సగంలో కలపగుజ్జు వాడకం విస్తరించాక, కలపలోని లిగ్నిన్ అనే పదార్థం కాగితంలోకి వచ్చింది. వెలుతురు, గాలి సోకితే ఇదే పుటలను పసుపు రంగుకు మారుస్తుంది. సిరా పాకకుండా కాగితానికి పట్టించిన పటిక, గుగ్గిలం పూత క్రమంగా ఆమ్లాన్ని పుట్టించి నారను తెగగొడుతుంది. వార్తాపత్రికల కాగితంలో లిగ్నిన్ మరీ ఎక్కువ. అందుకే వారపత్రికల్లో వచ్చిన సీరియళ్లను విడదీసి బైండు చేయించుకున్న సంపుటాలు, చవక ముద్రణలో వచ్చిన నవలలు తెలుగు ఇళ్లలో అన్నిటికన్నా ముందు శిథిలమవుతాయి. ఈ రసాయన చర్యను పూర్తిగా ఆపడం ఇంట్లో సాధ్యం కాదు. వేడి, తేమ, వెలుతురు తగ్గిస్తే దాని వేగం మాత్రం తగ్గుతుంది.

పురుగులు, మందులు

వెండి రంగులో మెరుస్తూ వేగంగా పరుగెత్తే రెక్కలు లేని సిల్వర్‌ఫిష్ పురుగు కాగితం మీది గంజిపూతను, బైండులోని మైదా జిగురును తింటుంది. ఇసుక రేణువంత ఉండే పుస్తకపు పేను ప్రధానంగా కంటికి ఆనని బూజును తిని బతుకుతుంది కనుక, అది కనిపించిందంటే అలమరలో తేమ పెరిగిందనే అర్థం. పుటల గుండా గుండ్రని సన్నని సొరంగాలు తొలిచేవి ఒక జాతి పెంకు పురుగుల పిల్లలు. బొద్దింకలు కాలికో అట్టల పైపూతను కొరుకుతాయి. చెదలు మాత్రం నేల నుంచి, గోడ పగుళ్ల నుంచి మట్టి గొట్టాలు కట్టుకుంటూ వచ్చి, బయటికి ఏమీ కనిపించకుండానే వరుస మొత్తాన్ని లోపలి నుంచి తినివేయగలవు. అలాంటి మట్టి చార గోడ మీద కనిపిస్తే అలమరను ఖాళీ చేసి, చెద నివారణ చేసేవారిని పిలవడం తప్ప ఇంటి చిట్కాలు పనిచేయవు.

పురుగులనగానే చాలామంది కలరా ఉండలు పడేస్తారు. వీటిలోని నాఫ్తలీన్ ఆవిరి మూసిన గదిలో పీల్చడం మంచిది కాదు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో అది ఎర్ర రక్తకణాలను విచ్ఛిన్నం చేయగలదు. తాళపత్ర గ్రంథాల కాలం నుంచి వేపాకు, వసకొమ్ము, కర్పూరం వంటివి వాడడం ఆచారంగా వస్తోంది. వేలాది తెలుగు, సంస్కృత, తమిళ రాతప్రతులున్న తంజావూరు సరస్వతీ మహల్ గ్రంథాలయంలో వస, లవంగం, మిరియాలు, దాల్చినచెక్క, కర్పూరం వంటివాటి పొడిని గుడ్డలో మూటగట్టి వాడే సంప్రదాయముంది. ఇంట్లోనూ ఎండిన వసకొమ్మును మూటగట్టి అర మూలన ఉంచవచ్చు గానీ, ఇవి పురుగును దూరంగా ఉంచడానికి కొంత పనికొస్తాయే తప్ప లోపల ఉన్నదాన్ని చంపవు. పచ్చి వేపాకు పెడితే దాని తడి పుటలకు తగిలి కొత్త సమస్య వస్తుంది.

పురుగు పట్టిన పుస్తకానికి రసాయనం లేని చికిత్స ఒకటుంది. దాన్ని గాలి చొరని పాలిథీన్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వరకు చల్లబడే డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచితే పురుగులు, గుడ్లు నశిస్తాయి. బయటికి తీశాక గది వేడికి చేరేదాకా, దాదాపు ఒక రోజు, సంచి విప్పకూడదు; ముందే విప్పితే చల్లని కాగితం మీద నీటి బిందువులు చేరతాయి.

అలమర చోటు, అమరిక

వంటగది, స్నానాల గది గోడలకు ఆనించి గాని, వాననీరు తగిలే బయటి గోడకు గాని అలమరను పెట్టకూడదు. గోడకు రెండు మూడు అంగుళాల దూరం, అడుగు అరకు నేల నుంచి నాలుగైదు అంగుళాల ఎత్తు ఉంటే గాలి ఆడుతుంది, నేల తుడిచే నీళ్లు తగలవు. గోడలోనే కట్టిన అలమరలున్న ఇళ్లలో పుస్తకాలను వెనుక గోడకు తగలకుండా కొంచెం ముందుకు జరపాలి. అద్దాల తలుపులు దుమ్మును ఆపుతాయి గానీ తేమనూ బంధిస్తాయి కాబట్టి, పొడిగా ఉన్న రోజున వాటిని కొన్ని గంటలు తెరిచి ఉంచాలి. నేరుగా పడే ఎండ అట్టల రంగును వెలవెలబోగొడుతుంది. ఈ నష్టం రోజురోజుకూ కూడుతూ పోయేదే తప్ప తిరిగి తగ్గేది కాదు.

పుస్తకాలను నిటారుగా, ఒకదానికొకటి ఆనుకొని, అయితే వేలితో సులువుగా తీయగలిగేంత వదులుగా నిలబెట్టాలి. పక్కకు ఒరిగిన పుస్తకం బైండు మెలిపడుతుంది. నిఘంటువులు, విజ్ఞాన సర్వస్వాల వంటి బరువైన సంపుటాలను పడుకోబెట్టి ఉంచడమే మేలు. పుస్తకం తీసేటప్పుడు పైకొన పట్టి లాగితే అక్కడి గుడ్డ చిరుగుతుంది కనుక, ఇరువైపులా ఉన్నవాటిని కొద్దిగా లోపలికి నెట్టి, మధ్యలో పట్టుకొని తీయాలి.

శుభ్రం చేసే క్రమం

పని పై అర నుంచి మొదలైతే రాలిన దుమ్ము కింది అరల్లోనే పడుతుంది, వాటి వంతు తర్వాత ఎలాగూ వస్తుంది. ఒక్కో అరను పూర్తిగా ఖాళీ చేసి, పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకొని, ముందుగా పై అంచును, ఆ తర్వాత మిగతా అంచులను, కుట్టు వైపు నుంచి బయటికి మెత్తని బ్రష్షుతో దులపాలి. వదులుగా పట్టుకుంటే దుమ్ము పుటల మధ్యకు జారుతుంది. పుస్తకానికి తడి గుడ్డ తగలనీయకూడదు. అరను మాత్రం పిండిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరిన తర్వాతే మళ్లీ సర్దాలి. బూజు పట్టిన పుస్తకాన్ని వేరుచేసి, ముక్కుకు మాస్కు కట్టుకొని, ఆరుబయట నీడలో గాలికి ఆరనిచ్చి, బూజు పొడిబారాక దులపాలి. మండుటెండలో పరిస్తే కాగితం పెళుసెక్కి అట్టలు వంగుతాయి.

చిరిగిన పుటకు సెల్లో టేపు అంటిస్తే కొన్నేళ్లకు జిగురు గోధుమరంగు మరకగా మిగిలి, టేపు ఊడిపోతుంది. పలుచని కాగితపు పట్టీని పలుచగా ఉడికించిన మైదా జిగురుతో అంటిస్తే, అవసరమైనప్పుడు తడిపి తీసేయవచ్చు. పురుగు పట్టకుండా బైండర్లు ఈ జిగురులో మైలుతుత్తం కలపడం వాడుకలో ఉంది. అది విషం కనుక ఇంట్లో చేసేవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో జరిగినట్టు ఇళ్లలోకి నీరు చేరితే, తడిసిన పుస్తకాల్లో రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది. కొన్ని పుటలకొకసారి రాత లేని తెల్ల కాగితం పెట్టి, దాన్ని తరచూ మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. నునుపు పూత ఉన్న కాగితం ఆరేకొద్దీ అంటుకుపోతుంది కనుక అలాంటి పుస్తకాల వంతు ముందు రావాలి.

ఏడాదిలో ఎప్పుడు

మూడు నెలలకొకసారి పైపై దుమ్ము తీయడం, ఏడాదికొకసారి ప్రతి పుస్తకాన్నీ చేతిలోకి తీసుకొని చూడడం సరిపోతుంది. నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే వేళకు కాస్త అటూ ఇటూగా వచ్చే దసరా సరస్వతీ పూజకు పుస్తకాలు ఎలాగూ బయటికి వస్తాయి కనుక, తెలంగాణలో ఈ తనిఖీకి అది అనువైన సమయం. కోస్తాలో, రాయలసీమలో ఆ తర్వాత కూడా తుపానులు, ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి కాబట్టి, అక్కడ సంక్రాంతి దాటాక మరోసారి చూడాలి.

ఆ తనిఖీలోనే పుస్తకాలను మూడు వర్గాలుగా విడదీయడం ప్రయోజనకరం. మార్కెట్లో మళ్లీ దొరికేవాటికి పైన చెప్పిన మామూలు జాగ్రత్త చాలు. ఇక చదవని మంచి ప్రతులను శాఖా గ్రంథాలయానికి అడిగి ఇస్తే, మిగిలినవాటికి గాలి ఆడేంత చోటు దొరుకుతుంది. కుటుంబ పెద్దల రాతప్రతులు, పునర్ముద్రణ కాని పాత ప్రచురణలు, బైండు చేసిన సీరియళ్ల వంటి వేరే ప్రతి లేని వాటిని ఆమ్లరహిత కాగితంలో చుట్టి అట్టపెట్టెలో ఉంచడంతో పాటు, పుటలు ఇంకా విరగకుండా తెరుచుకునే దశలోనే స్కాన్ చేయించాలి. ఎందుకంటే తేమను, పురుగును ఎంత దూరంగా ఉంచినా, కాగితంలోనే ఉన్న ఆమ్లం తన పని మానదు.